ఓడిన మ్యాచ్‌లో తప్పు ఎవరిది?

నలుగురు కలిసి ఆడి ఓడిపోతే నింద మాత్రం ఒక్కరి మీదే పడుతుంది. బీజీఎంఐ (బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే ఫోను ఆట) ఆడేవాళ్లకు ఇది రోజూ ఉండే అనుభవమే. మ్యాచ్ ముగిసీ ముగియకముందే ఎవరో ఒకరు మైక్‌లో "నువ్వు ఆ ఇంట్లోంచి బయటికి రాకుండా ఉంటే..." అని మొదలుపెడతారు. ఆ వాక్యం పూర్తయ్యేలోపు మరొకరు లాబీ (మ్యాచ్‌కు ముందూ వెనకా జట్టు కలిసే తెర) వదిలి వెళ్లిపోతారు. అమలాపురంలో, పాలకొల్లులో, భీమవరం ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లలో ఇలా విడిపోయిన జట్లు నాకు చాలా తెలుసు. వాటిలో కొన్ని చిన్ననాటి స్నేహాలు, కొన్ని బావాబావమరుదుల జట్లు. ఆటలో తూలిన మాట వల్ల సంక్రాంతికి ఊరొచ్చి కూడా ఒకరినొకరు పలకరించుకోని వాళ్లున్నారు.

ఆన్‌లైన్ ఆటల మాటెత్తితే మన దగ్గర చర్చ వ్యసనం, చదువు, డబ్బు అన్న మూడింటి చుట్టూనే తిరుగుతుంది. ఆ చర్చ అవసరమే. కానీ ఆడేవాళ్ల మధ్య ఏం జరుగుతోందో అందులోకి రాదు. ఒక జట్టులో ఒకరి నుంచి ఒకరు ఎంత ఆశించవచ్చు? సరిగ్గా ఆడనివారికి ఆ సంగతి ఎప్పుడు, ఎలా చెప్పాలి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ గొడవల్లో ఎక్కువ భాగం ఆట రానివారి వల్ల పుట్టడం లేదు. ముందుగా మాట్లాడుకోని కొలతతో, అదీ సగమే కనిపించే లెక్కతో ఒకరినొకరు తూచుకోవడం వల్ల పుడుతున్నాయి.

ముందు చూడవలసింది ఆట స్వభావం. సమూహాలు చేసే పనులను మనస్తత్వవేత్త ఐవాన్ స్టైనర్ 1972లో విభజించిన తీరు ఇక్కడ బాగా పనికొస్తుంది. కొన్ని పనుల్లో అందరి శ్రమా కూడుతుంది. కొన్నింటిలో ఒక్కరు గట్టివారైతే చాలు, మిగతావారంతా గట్టెక్కుతారు. ఇంకొన్నింటిలో అందరికంటే వెనకబడినవారు ఎక్కడుంటే జట్టంతా అక్కడే ఆగిపోతుంది. మన డెల్టాలో ఊడ్పుల ముఠా మొదటి రకం. ఎకరానికి ఇంత అని గుత్తకు ఒప్పుకున్న ముఠాలో ఒకరి చేయి నెమ్మదిస్తే పక్కవారు సర్దుకుంటారు. పైగా ఎవరు ఎంత నాటారో చేలో అందరి కళ్ల ముందే ఉంటుంది. ఎవరికి నడుము నొప్పో, ఎవరు జ్వరంతో వచ్చారో అందరికీ తెలుసు. ఆన్‌లైన్ జట్టుకు ఈ వీలు లేదు. పక్కవారి పని సగం కనిపించదు, వారి పరిస్థితి అసలే తెలియదు. ఆడుతున్న ఆట ఈ మూడింటిలో ఏ రకమో కూడా చాలామంది ఆలోచించరు.

దీన్ని అంకెల్లో చూస్తే ఎంత తేడా ఉందో తెలుస్తుంది. వందకు 95 సార్లు తన పనిని తప్పు లేకుండా చేసేవారిని ఎవరైనా మంచి ఆటగాళ్లే అంటారు. అలాంటివారు నలుగురుంటే, ఒకరి తప్పుకూ మరొకరి తప్పుకూ సంబంధం లేదనుకుంటే, నలుగురూ ఒకే ప్రయత్నంలో తప్పు చేయకుండా ఉండే అవకాశం 81 శాతం. అదే ఇరవై మంది అయితే 36 శాతానికి పడిపోతుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో పెద్ద శత్రువులను గుంపుగా ఎదుర్కొనే దాడిని రెయిడ్ అంటారు. అందులో అత్యంత కఠినమైన మిథిక్ రెయిడ్‌కు సరిగ్గా ఇరవై మంది కావాలి. అక్కడ కొన్ని ఘట్టాల్లో ఒక్కరు తప్పు చోట నిలబడినా అందరూ చచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. ఆ ఇరవై మందీ వందకు 99 సార్లు సరిగ్గా చేయగలిగితేనే విజయావకాశం 82 శాతానికి చేరుతుంది. ఆ జట్లు కొత్తవారిని చేర్చుకునే ముందు పాత రికార్డులు అడగడం, తప్పు జరిగిన క్షణాన్ని వెనక్కి తిప్పి చూడటం, హాజరు లెక్కపెట్టడం ఆ గణితం నుంచే వచ్చాయి. బయటినుంచి చూసేవారికి అది కర్కశంగా కనిపించవచ్చు గానీ, అక్కడ అది న్యాయమైన అంచనాయే.

బీజీఎంఐ సంగతి వేరు. నలుగురిలో ముగ్గురు పడిపోయినా నాలుగోవారు ఒక్కరే ఎదుటి జట్టును ముగించి గెలిపించవచ్చు. బలహీనమైన ఆటగాడిని మోసుకుపోగల వెసులుబాటు ఆటలోనే ఉంది. ప్రొఫెషనల్ జట్ల వీడియోలు చూసి, వాళ్లు వాడే కరకు మాటలను తెచ్చి సరదా మ్యాచ్‌లో వాడేవారు ఈ తేడాను గమనించడం లేదు. ఆ వీడియోల్లోని ఆటగాళ్లు జీతానికి ఆడుతున్నారు, రోజూ గంటల కొద్దీ కలిసి సాధన చేస్తున్నారు. ఎవరి పాత్ర ఏమిటో వాళ్లు ముందే ఒప్పుకున్నారు.

మన దగ్గర చాలా జట్ల పుట్టుకలోనే ఈ చిక్కు ఉంది. లాక్‌డౌన్ రోజుల్లో ఇళ్లలో కూర్చున్న అన్నదమ్ములు, బంధువులు కబుర్ల కోసం పబ్జీ మొబైల్‌లో కలిశారు. 2020 సెప్టెంబరులో దాన్ని నిషేధించారు. 2021 జులైలో దాని స్థానంలో బీజీఎంఐ వచ్చింది. 2022 జులైలో అది స్టోర్లనుంచి మాయమై 2023 మేలో తిరిగి వచ్చింది. ఇలా విడిపోయి, మళ్లీ కలిసిన ప్రతిసారీ ఒకరిద్దరు ర్యాంకు మీద పట్టుదలతో వచ్చారు, మిగతావారు పాత కబుర్ల కోసమే వచ్చారు. ఈ మార్పును ఎవరూ పైకి చెప్పుకోలేదు. లాబీ ఒకటే, పేర్లు అవే. కానీ నలుగురూ నాలుగు వేర్వేరు కారణాలతో ఆడుతున్నారు.

ఇక మ్యాచ్ చివర కనిపించే లెక్కల పట్టిక దగ్గరికి వద్దాం. నాకు బాగా తెలిసిన ఒక జట్టు ఉంది. ఒకరు భీమవరం హాస్టల్‌లో చదువుకునే కుర్రాడు, ఒకరు రాజోలులో దుకాణం చూసుకునే అతని అన్నయ్య, ఒకరు కువైట్‌లో డ్రైవరుగా పనిచేసే వాళ్ల బావ. నాలుగో చోట నేను చేరుతుంటాను. ఇక్కడ పదిన్నర అయితే కువైట్‌లో ఎనిమిది, బావ డ్యూటీ దిగే వేళ. ఒక రాత్రి ఎరాంగెల్ మ్యాప్‌లో చివరి వలయాల దాకా వెళ్లాం. జోన్ (చివరిదాకా బతకాలంటే చేరాల్సిన వలయం) దూరంగా పడితే జీపు తెచ్చి అందరినీ ఎక్కించుకుంది బావే. పొలం మధ్యలో కుర్రాడు నాక్ అయ్యాడు, అంటే తోటివారు లేపితే తప్ప లేవలేనట్టు పడిపోయాడు. బావ తన దగ్గరున్న మూడు స్మోక్ గ్రెనేడ్లూ వరసగా విసిరి, ఆ పొగలో మోకాళ్ల మీద కూర్చుని, ఎటునుంచి తూటా వస్తుందో తెలియకపోయినా కదలకుండా అతన్ని లేపాడు. లేచిన కుర్రాడు ఆ తర్వాత ముగ్గురిని పడగొట్టాడు. రెండో స్థానంతో బయటపడ్డాం. ఫలితాల తెరమీద కుర్రాడికి ఏడు కిల్స్, బావకు సున్నా. "బావా, ఒక్క కిల్ అన్నా చేయాలి కదా" అన్నాడు కుర్రాడు. బావ ఏమీ అనలేదు. "రేపు పొద్దున్నే డ్యూటీ ఉంది" అని వెళ్లిపోయాడు.

కుర్రాడు మనిషి చెడ్డవాడు కాదు. తెర ఏది పెద్ద అక్షరాల్లో చూపించిందో అదే చదివాడు. పడగొట్టిన తూటాను ఆట సులభంగా లెక్కపెట్టగలదు. సరైన సమయంలో వచ్చిన జీపును, శత్రువును ముందుగా చూసి చెప్పిన మాటను, కాల్చకుండా ఓపికపట్టి జట్టు ఉన్న చోటు బయటపడకుండా కాపాడిన నిగ్రహాన్ని లెక్కపెట్టలేదు. లెక్కకు వచ్చేదానికే విలువ కట్టడం మొదలైతే ఆటగాళ్లు కూడా దానికోసమే ఆడతారు. బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన మాట ఇదే కోవలోది. కొలమానాన్ని పట్టుకుని అదుపు చేయబోతే ఆ కొలమానమే నమ్మదగనిదైపోతుంది. నాక్ అయిన శత్రువును ఎవరు ముగించాలన్న తగువు, "నా కిల్ దొంగిలించావు" అన్న ఆరోపణ దీని ఫలితాలే. వార్‌క్రాఫ్ట్‌లోనూ అంతే. శత్రువును ఎవరు ఎంత దెబ్బతీశారో చూపే డ్యామేజ్ మీటర్‌లో పైన ఉండాలని కొందరు నేలమీద మంట వ్యాపిస్తున్నా కదలరు. వాళ్లను బతికించడానికి హీలర్ (గాయాలు మాన్పే పాత్రలో ఉన్నవారు) పడే అవస్థ ఆ మీటర్‌కు ఎక్కదు.

ర్యాంకు విషయంలో ఇంకో అపోహ ఉంది. గెలవడమే మామూలని, ఓటమికి మాత్రమే కారణం వెతకాలని మనం అనుకుంటాం. వంద మందిని దించే మ్యాచ్‌లో నలుగురేసి చొప్పున 25 జట్లుంటాయి. అన్నీ సమాన బలం గలవైతే ఒక్కో జట్టు గెలిచేది 25 మ్యాచ్‌లకు ఒకసారి. మిగతా 24 మ్యాచ్‌లకూ ఒక్కో దోషిని వెతుక్కుంటూ పోతే జట్టులో ఎవరు మిగులుతారు? ఐదుగురు ఐదుగురితో తలపడే వాలరెంట్, డోటా లాంటి ఆటల్లో సమాన బలం ఉన్నవారినే ఎదురెదురుగా నిలబెట్టాలన్నది జోడీలు కలిపే వ్యవస్థ లక్ష్యం. అది సరిగ్గా పనిచేస్తే మీరు దాదాపు సగం మ్యాచ్‌లు ఓడిపోవాలి. ఈ ఆలోచనకు మూలం చదరంగంలో ఉంది. హంగేరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర ఆచార్యుడు అర్పాడ్ ఎలో రూపొందించిన రేటింగ్‌ను ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. జట్టు ఆటల కోసం మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2006లో వివరించిన ట్రూస్కిల్ పద్ధతి ఆటగాడి సామర్థ్యంతో పాటు, ఆ అంచనా మీద తమకు ఎంత సందేహం ఉందో కూడా లెక్కలో పెట్టుకుంటుంది. ఒక్కో మ్యాచ్ ఫలితంతో ఆ సందేహం కొంచెం కొంచెంగా తగ్గుతుంది. యంత్రమే అనేక మ్యాచ్‌ల తర్వాత గానీ ఒక మనిషి ఆట గురించి నమ్మకంగా చెప్పలేకపోతుంటే, మనం ఒక్క మ్యాచ్ చూసి "నీకు ఆట రాదు" అని తేల్చేస్తున్నాం.

మన మనసు చేసే లెక్క కూడా నిష్పాక్షికం కాదు. మనస్తత్వ పరిశోధకులు మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ 1979లో ప్రచురించిన అధ్యయనంలో భార్యాభర్తలను ఇంటి పనుల్లో ఎవరి వాటా ఎంతో విడివిడిగా అడిగారు. ఇద్దరి జవాబులూ కలిపితే చాలా జంటల్లో మొత్తం నూటికి నూరు దాటిపోయింది. అబద్ధం చెప్పాలని కాదు, ఎవరు చేసిన పని వారికి ఎక్కువగా గుర్తుంటుంది. స్క్వాడ్‌లో నలుగురిని అడిగినా ఇదే జరుగుతుంది. దీనికి తోడు, నేను చనిపోతే నెట్‌వర్క్ వల్ల, నువ్వు చనిపోతే నీ చేతకానితనం వల్ల అన్న ధోరణి ఒకటి. నా ఫోను వేడెక్కడం నాకు తెలుస్తుంది, నీది వేడెక్కడం నాకు తెలియదు కదా.

డెల్టాలో ఆడేవారికి ఈ నెట్‌వర్క్ సంగతి చిన్నది కాదు. వర్షాకాలంలో కరెంటు పోతే వైఫై పోతుంది, ఫోను డేటా మీదికి మారాలి. ఊరంతా అదే టవర్ మీద పడిన ఆ వేళలో పింగ్, అంటే సమాచారం సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, ఎగబాకుతుంది. వాలరెంట్ సర్వర్ సెకనుకు 128 సార్లు ఆట స్థితిని తాజా చేస్తుంది. పింగ్ 150 మిల్లీసెకన్లు ఉన్నవారు మీట నొక్కి, దాని ఫలితం తిరిగి తెరమీదికి వచ్చేలోపు సర్వర్ ఆట స్థితిని దాదాపు 19 సార్లు తాజా చేసేసి ఉంటుంది. లంక గ్రామంలో ఫోను డేటాతో ఆడే కుర్రాడినీ, హైదరాబాదులో ఫైబర్ కనెక్షన్‌తో ఆడే అతని స్నేహితుడినీ ఒకే గీటురాయి మీద పెట్టడం అన్యాయం. విమర్శించే ముందు తెర మూలన ఉన్న పింగ్ అంకె ఎంత అని అడగడానికి రెండు సెకన్లు చాలు.

ఇప్పుడు అసలు విమర్శ సంగతి. ముందుగా వేళ. బీజీఎంఐలో అడుగుల చప్పుడే ప్రాణం. శత్రువు ఏ గదిలో ఉన్నాడో, మెట్లెక్కుతున్నాడో దిగుతున్నాడో చెప్పేది ఆ శబ్దమే. జట్టులో ముగ్గురు పడిపోయి ఒక్కరే మిగిలినప్పుడు ఆ ముగ్గురూ మైక్‌లో ఒకేసారి "ఎడమ పక్క! కిటికీ దగ్గర! బాంబు వెయ్యి!" అని అరుస్తారు. సాయం చేస్తున్నామనే అనుకుంటారు. కానీ మిగిలిన ఆ ఒక్కరికి అడుగుల చప్పుడు వినిపించకుండా చేస్తున్నది వాళ్లే. పైగా చనిపోయి చూస్తున్నవారికి ఆట ఎప్పుడూ తేలికగానే కనిపిస్తుంది. చేతులు ఖాళీ, గుండె వేగం తగ్గింది, చూపు తెరంతా తిరుగుతోంది. ఆడుతున్నవారి చూపు మాత్రం తుపాకీ గురి చుట్టూ అంగుళం మేర బిగుసుకుపోయి ఉంటుంది. "అంత తేలికైనదాన్ని ఎలా వదిలేశావు?" అన్న ప్రశ్న పుట్టేది ఈ తేడాలోంచే. అందుకే మంచి జట్లలో పడిపోయినవారు తమను కొట్టిన శత్రువు ఎక్కడున్నాడో ఒక్కసారి చెప్పి మౌనంగా ఉండిపోతారు.

తర్వాత చెప్పే తీరు. పనితీరు మీద అభిప్రాయం చెబితే మనిషి మెరుగుపడతాడని మనం గట్టిగా నమ్ముతాం. పరిశోధకులు అవ్రహామ్ క్లుగర్, ఏంజెలో డెనిసీ 1996లో ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలన్నీ పోగుచేసి చూశారు. సగటున మేలే జరిగినా, మూడో వంతుకు పైగా సందర్భాల్లో అభిప్రాయం చెప్పిన తర్వాత పనితీరు తగ్గింది. మనిషి దృష్టిని పని మీదినుంచి తన మీదికి మళ్లించే కొద్దీ ప్రయోజనం తగ్గుతుందని వారి వివరణ. "నువ్వెప్పుడూ ఇంతే" అన్న మాట విన్నవారు తర్వాతి మ్యాచ్‌లో ఆ మాట గురించే ఆలోచిస్తుంటారు. "మనం ముగ్గురం కొండ దిగాక నువ్వు ఇంకా పైనే ఉన్నావు, అందుకే నిన్ను లేపడానికి రాలేకపోయాం" అంటే ఏం మార్చుకోవాలో తెలుస్తుంది. రెండో మాటలోనూ తప్పును కప్పిపుచ్చడం లేదు. నిజానికి అదే ఎక్కువ ఖచ్చితమైన విమర్శ.

మన జట్లలో వయసు, వరస కూడా అడ్డొస్తాయి. అందరిలోకీ బాగా ఆడేది పందొమ్మిదేళ్ల మేనల్లుడు, జట్టులో మావయ్యకు ముప్పై దాటాయి. "మావయ్యా, మీరు కాస్త వెనక్కి రండి" అని మర్యాదగా పూర్తిచేసేలోపు మావయ్య పడిపోతాడు. ఏకవచనంలో అరిస్తే ఇంట్లో మాట వస్తుంది. దీనికి కొన్ని జట్లు చక్కని దారి కనుక్కున్నాయి. తెర పైభాగంలో దిక్సూచి అంకెలుంటాయి. "240లో ఇద్దరు" అంటే చాలు, వరసా వద్దు, నువ్వూ మీరూ వద్దు. మ్యాప్ మీద గుర్తు పెట్టి "ఇక్కడికి" అంటే ఆజ్ఞ పూర్తయినట్టే. అయితే మ్యాచ్ తర్వాత మావయ్య తప్పును మేనల్లుడు ఎత్తి చూపగలడా అన్నది అంకెలతో తీరే చిక్కు కాదు. అమెరికా ఆసుపత్రుల్లో నర్సుల బృందాల మీద పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1996లో ప్రచురించిన అధ్యయనంలో, మంచి నాయకత్వం ఉన్న బృందాలే ఎక్కువ పొరపాట్లు నమోదు చేసినట్టు తేలింది. అక్కడ పొరపాట్లు దాచుకోవలసిన భయం తక్కువ కాబట్టి అవి బయటికి వచ్చాయని ఆమె వివరించారు. జట్టులో పెద్దవారు ముందుగా "అక్కడ నేను తొందరపడ్డాను" అంటేనే చిన్నవారికి నోరు పెగులుతుంది. ఆ బాధ్యత పెద్దవారిదే.

పరిచయం లేనివారితో ఆడేటప్పుడు ఈ మొహమాటాలు ఉండవు, అడ్డుకట్టలూ ఉండవు. ముఖం కనిపించనప్పుడు, అసలు పేరు తెలియనప్పుడు మనిషి నోరు ఎలా అదుపు తప్పుతుందో మనస్తత్వవేత్త జాన్ సులర్ 2004లోనే వివరించారు. కంపెనీలు తమ ప్రయత్నాలు తాము చేశాయి. లీగ్ ఆఫ్ లెజెండ్స్ 2012లో తోటి ఆటగాళ్లను మెచ్చుకునే హానర్ పద్ధతి తెచ్చింది, 2021లో ప్రత్యర్థి జట్టుతో మాట్లాడే చాట్‌ను కొంతకాలం ఆపింది. ఓవర్‌వాచ్ 2018లో అలాంటి మెప్పుదలనే మరో పేరుతో పెట్టింది. కానీ సొంత జట్టులోని మాటను ఈ ఆటలేవీ పూర్తిగా ఆపలేదు. ఆపితే జట్టు ఆటే ఉండదు.

దీని భారం అందరికంటే ఎక్కువగా అమ్మాయిల మీద పడుతోంది. నాకు తెలిసిన కాలేజీ అమ్మాయిలు కొందరు చాలా బాగా ఆడతారు, కానీ అపరిచితుల జట్టులో మైక్ తెరవరు. గొంతు వినగానే మొదలయ్యే వెకిలి మాటలు, ఇన్‌స్టా ఐడీ కోసం వేధింపులు వాళ్లకు తెలుసు. మైక్ ఆపుకుంటే "సమాచారం ఇవ్వడం లేదు, జట్టుకు పనికిరాదు" అని తిడతారు. మాట్లాడే పరిస్థితి లేకుండా చేసింది మనమే, మాట్లాడలేదని మార్కులు తగ్గించేదీ మనమే. ఇలాంటి విమర్శను నేను విమర్శగా ఒప్పుకోను, అది వేధింపుకు కొనసాగింపు మాత్రమే.

మరి ఏం ఆశించవచ్చు? ఒప్పుకున్న వేళకు రావడం, మధ్యలో చెప్పకుండా వదిలి వెళ్లకపోవడం, చూసిన శత్రువును చెప్పడం, తీసుకున్న పాత్రలో ఉండటం. ఇవి ఎవరి చేతుల్లోనైనా ఉన్న పనులు కాబట్టి వీటిమీద గట్టిగానే అడగవచ్చు. గురి, చేతివేగం, ఫోను, నెట్‌వర్క్ అలాంటివి కావు. వాటికి సాధనో, డబ్బో, టవరో కావాలి. లాబీలోనే "ఈరోజు ర్యాంకు కోసమా, సరదాకా?" అని ఒక్క మాట అడిగితే సగం తగువు తీరుతుంది. కువైట్ బావ ఉన్న జట్టులో ఆ తర్వాత చేసింది ఇదే. ర్యాంకు మ్యాచ్‌లు ఆయనకు సెలవైన శుక్రవారానికి మార్చారు, మిగతా రోజుల్లో ర్యాంకు లేని మ్యాచ్‌లు ఆడి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆ రాత్రి బావ తెర మీద రికార్డైన మ్యాచ్‌ను నలుగురం ఆన్‌లైన్‌లో కలిసి చూశాం కూడా. పొలంలో పొగ మధ్య కూర్చున్న బావను కుర్రాడు ఆయన వైపునుంచి చూసింది అప్పుడే.

ఇవన్నీ చేసినా ఒకరు జట్టు స్థాయిని అందుకోలేకపోవచ్చు. టోర్నమెంటుకు వెళ్లాలనుకునే జట్టు వారి స్థానంలో మరొకరిని తీసుకోవడంలో తప్పేమీ లేదు. తప్పు జరిగేది తీసేసే పద్ధతిలో. చాలామంది ఏమీ చెప్పకుండా ఇన్వైట్ పంపడం మానేస్తారు. కానీ ఆటలోని స్నేహితుల జాబితా అన్నీ చూపిస్తుంది. మిగతా ముగ్గురూ కొత్తవారితో మ్యాచ్‌లో ఉన్నారని ఆ నాలుగోవారు పదకొండింటికి ఆన్‌లైన్‌కు వచ్చి తెలుసుకుంటారు. అంతకు ముందే ఫోను చేసి, టోర్నమెంటు అయ్యేదాకా ఎవరు ఆడుతున్నారో, ఎందుకో, ఏ రోజు మ్యాచ్‌లకు తనను పిలుస్తారో చెప్పాలి. ఆ ఫోను జట్టులో అందరికంటే దగ్గరివారు చేయాలి, సందేశం పంపి ఊరుకోకూడదు.